యాదవ్వ ఉప్పు మూట

జమ్మికుంటలో బాలింతకు పాలు గడ్డకట్టాయంటే మొదటి కబురు యాదవ్వకు వెళ్లేది, డాక్టరుకు రెండోది. కాన్పులన్నీ దవాఖానలకు తరలిపోయినా స్నానాలు ఇళ్లలోనే మిగిలాయి కాబట్టి ఆమెకు పని తగ్గలేదు. పత్తి మార్కెట్ వెనక వీధుల్లో ముప్ఫై ఏళ్లుగా వావిలాకు నీళ్లు కాచి తల్లులకు పోసింది. పసిపిల్లలను చాచిన కాళ్ల మీద బోర్లా వేసుకుని ఒళ్లు రుద్దింది. నడుముకో, పొత్తికడుపుకో, రాయిలా బిగిసిన రొమ్ముకో కాపడం పెట్టింది. హస్తవాసి మంచిదని జనం అనేవారు. జనం అలాగే అంటారు. అసలు సంగతి ఆమె పద్ధతిలో ఉంది.

పెంక మీద దొడ్డుప్పును చిటపటలాడేదాకా వేయించి, పాత నూలు చీర ముక్కలో పోసి, ముడి వేసి మూట కట్టేది. ఆ వేడి ఎంతో తన చేత్తో చూసుకునేది కాదు. మరిగే నీళ్లకూ కాలే పెంకకూ అలవాటుపడి ఆమె అరచేతులు ఎప్పుడో మొద్దుబారాయి. "నా చెయ్యిని నమ్మకు బిడ్డా, అది సచ్చి మస్తు దినాలైంది. నువ్వే చెప్పాలె. కాలుతాందా?" అని ప్రతి బాలింతనూ అడిగేది. లేదంటే ఇంకాసేపు ఉంచేది, "అబ్బ" అంటే తీసేది. అత్తగారి ముందు సిగ్గుపడి ఓర్చుకునే పిల్లలను కసిరేది: "ఓర్సుకుంటే బంగారు బిళ్ల ఇస్తరా? నోరు తెరువు."

పని ఆమె చేతిది, కొలత ఎదుటి మనిషి ఒంటిది. ముప్ఫై ఏళ్లలో ఒక్క పొక్కు రాలేదు.

ఇంట్లో ఆమెతో ఉండేది కోడలు కోమల. ఆదిలాబాద్ వైపు బోథ్‌లో పత్తి పండించే ఇంటి పిల్ల. కొడుకు గోపాల్ మస్కట్‌లో క్రేన్ నడుపుతాడు, మనవరాలు రమ కరీంనగర్ హాస్టల్‌లో ఉండి చదువుకుంటుంది. కాబట్టి ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ ఇంట్లో వినిపించేవి అత్తాకోడళ్ల మాటలు, కోమల కుట్టు మిషన్ చప్పుడు. కోమల జాకెట్లు కుడుతుంది. ఆమె కుట్టిన జాకెట్ భుజం జారదని పేరు.

రెండు వేల ఇరవై మూడులో కోమల ఎడమ రొమ్ములో గడ్డ కనిపించింది. అప్పటికి ఆమెకు ముప్ఫై తొమ్మిదేళ్లు. క్యాన్సర్ అన్నారు, మందు ఎక్కించారు. ఆ తర్వాత హైదరాబాద్‌లో రొమ్ము తీసేసి, అదే ఆపరేషన్‌లో చర్మం కింద సిలికాన్‌ది పెట్టారు. ఆపైన ఇరవై అయిదు రోజులు కరెంటు పెట్టించుకుంది. రేడియేషన్‌ను మన దగ్గర అలాగే అంటారు.

సిలికాన్ కావాలన్నది కోమలే. చుట్టాలకు అది మింగుడుపడలేదు. పెళ్లయింది, పిల్ల పుట్టింది, ఇక అదెందుకని యాదవ్వ ఆడపడుచు ఒకామె వరండాలో కూర్చుని అడిగింది.

"నీ ముక్కు కోసి, గాలి పీల్చుకుంటానికి బొక్క ఉన్నది గదా సాలు అంటే ఊకుంటవా?" అంది యాదవ్వ. ఆడపడుచు చాయ్ సగంలో వదిలేసి వెళ్లిపోయింది.

కోమల తన కారణాన్ని ఇంకా సూటిగా చెప్పింది. "ఊరందరికి సక్కగ కుట్టి, నేను వంకర జాకెట్ ఏసుకోవాల్నా అత్తా?" ఆపరేషన్ తర్వాత దాన్ని 'లోపలి కప్పు' అనేది. అందరికీ జాకెట్లకు కప్పులు పెడితే తనకు లోపలే పెట్టి కుట్టారని చెప్పి నవ్వేది. టేపుతో అటూ ఇటూ కొలుచుకుని, పావు అంగుళం తేడా ఉందని డాక్టరును ఫోన్లో ఆటపట్టించింది కూడా.

ఆ చోట చర్మం మొద్దుగా ఉంటుందని నర్సు ముందే చెప్పింది. అదెంత మొద్దో ఒకరోజు తెలిసింది. కోమల తన కొత్త జాకెట్‌కు గుండుసూదులు పెట్టి, ఒంటి మీద వేసుకుని చూసుకుంది. అందులో ఒక సూది పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా చర్మంలో దిగి ఉంది. బట్ట మీద మినపగింజంత రక్తం మరక చూసి చెప్పింది యాదవ్వ. కోమల సూది లాగి, చూసి, "మంచిగనే అయింది. ఇగ సూదులు గుచ్చుకుంటానికి దిండు కొనే పని లేదు," అంది. ఇద్దరూ కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు.

తర్వాత యాదవ్వను నిద్రపోనివ్వకుండా చేసింది ఈ నవ్వే. ఆమెకు తెలియక కాదు. తెలిసి, నవ్వి, మరిచిపోయింది.

ఆపరేషన్ అయిన పది నెలలకు, ఆగస్టులో, ఆ పక్క గట్టిపడటం మొదలైంది. ముందు బిగుతుగా అనిపించింది, తర్వాత చేత్తో ముడితే కొబ్బరికాయలా తగిలింది. టేపు పెడితే అది అర అంగుళం పైకి పోయింది. లోపల పెట్టినదాని చుట్టూ ఒళ్లు తనంతట తానే ఒక పొర అల్లుకుంటుంది. కొందరిలో, ముఖ్యంగా కరెంటు పెట్టించుకున్నవాళ్లలో, ఆ పొర పిడికిలిలా బిగుస్తుంది. ఇది డాక్టరు తర్వాత చెప్పిన మాట. ఆయన నెలకోసారి కరీంనగర్ వచ్చి చూస్తాడు. ఆ తేదీకి ఇంకా మూడు వారాలుంది.

యాదవ్వ చేత్తో నొక్కి చూసింది. ఆ గట్టితనం ఆమెకు కొత్త కాదు. అలాంటివి కొన్ని వందలు మెత్తబరిచిన చేతులవి.

"పాలు గడ్డకట్టినట్టే ఉన్నది. మూడు దినాలు కాపితే దిగుతది," అంది.

"ఇండ్ల పాలెక్కడియి అత్తా?"

"పాలు లేకుంటే నీళ్లు. లోపల ఏదో పేరుకున్నది. ఫికర్ జేయకు, నేనున్న గదా."

మొదటి రోజు మధ్యాహ్నం మూట పెట్టి అడిగింది. "కాలుతాందా?"

"ఏం లేదత్తా. జర వేడి పెంచు."

పెంచింది. రెండో రోజు ఇంకొంచెం పెంచింది. మూడో రోజు మూటను ఒకేచోట చాలాసేపు అదిమి పట్టింది. "ఇప్పుడు?" అని అడిగితే, కోమల ఫోన్లో మిషన్ దారాల ధరలు చూసుకుంటూ, "నిన్నటి లెక్కనే ఉన్నది," అంది. చర్మం ఎర్రబడింది. నెత్తురు ఆడుతోందని యాదవ్వ సంతోషించింది. గుండుసూది దిగినా తెలియని చోట, కాలుతోందా అని మూడు రోజులు అడిగింది. సూది వేరు, సెగ వేరు అనుకుందో, లేక అనుకోవడమే మానేసిందో ఇప్పుడు ఆమెకే తెలియదు.

నాలుగో రోజు కింది వైపు బొబ్బ లేచింది. ఆరో రోజుకు బొబ్బ చితికి అక్కడి చర్మం నల్లబడింది. కోమలకు అది వంగి చూసుకున్నా కనిపించని చోటు. యాదవ్వకు కనిపించింది. నల్లటి మచ్చ మధ్యలో వేలెడంత మెలిక ఉంది, ముడి వేసిన బట్ట అచ్చు. ముప్ఫై ఏళ్లుగా తాను ఒకే రకంగా వేసే ముడి.

కోమలకు జ్వరం వచ్చింది. ఆటో మాట్లాడుకుని కరీంనగర్ దవాఖానకు తీసుకెళ్లేసరికి నల్లబడిన చర్మం విడిపోయి లోపలి సిలికాన్ కనిపిస్తోంది. హైదరాబాద్ నుంచి ఆ డాక్టరును పిలిపించారు. ఆయన కోమలను చూసి, బయటికి వచ్చి, యాదవ్వను అడిగాడు.

"ఇంట్లో దీని మీద ఏమైనా పెట్టారా అమ్మా? నూనె, పసరు, వేడి కాపడం లాంటివి?"

ఆమె చేతిలో ఫోన్ ఉంది. అందులో మస్కట్ నుంచి గోపాల్ మొహం ఉంది. 'అత్త కోడల్ని కాల్చింది' అనే మాట మన ఊళ్లలో ఎంత వేగంగా తిరుగుతుందో ఆమెకు తెలుసు, దాని వెనకాముందూ ఎవరూ అడగరనీ తెలుసు.

"ఏం పెట్టలే సారూ," అంది.

డాక్టరు రాసుకున్నాడు. కరెంటు పెట్టిన చర్మం ఒక్కోసారి ఇలా పలచబడి తెగిపోతుందని గోపాల్‌కు వివరించాడు. ఆ రాత్రే ఆపరేషన్ చేసి సిలికాన్ తీసేశారు.

మూడో రోజున తెలివి వచ్చి లేచి కూర్చున్నాక కోమల తానే అడిగింది. "అత్తా, మనం కాపినందుకు గిట్ల కాలే గదా?"

మొదటి అబద్ధానికి భయం ఉంది, ఫోన్లో కొడుకు ఉన్నాడు. రెండోదానికి ఏమీ లేదు. గదిలో ఇద్దరే ఉన్నారు. యాదవ్వ పాలగ్లాసు చేతికిస్తూ, "కాలితే నీకు తెల్వకపోవునా బిడ్డా," అంది. కోమల ఆలోచించి, నిజమే అన్నట్టు తల ఊపింది.

అయితే తప్పు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. కోమల దాన్ని తన దగ్గరే వెతుక్కుంది. బరువు పనులు చేశారా అని డాక్టరు అడిగితే దసరా జాకెట్ల కోసం రోజంతా మిషన్ మీద కూర్చున్నానని చెప్పింది. కొన్నాళ్లు ఆపండి అన్నాడు ఆయన, ఎవరికైనా చెప్పే మాటే. కోమల ఇంటికి వచ్చి మిషన్ మీద పాత దుప్పటి కప్పింది. "నా ఒంటికి పడలే. నేను గుడ మిషిని ఇడువలే," అని వచ్చినవాళ్లందరికీ చెప్పింది.

బోథ్ నుంచి ఆమె తల్లి గంగుబాయి వచ్చి నెల రోజులు ఉంది. వెళ్లేముందు యాదవ్వ రెండు చేతులూ పట్టుకుని, "కన్నది నేను గాని సాకింది నువ్వు ఒదినె. నీ చేతులు సల్లగుండ," అంది. ఆ చేతులను యాదవ్వ అప్పుడు వెనక్కి లాక్కోలేకపోయింది.

ఆ తర్వాత స్నానాలకు పిలిస్తే చేతులు గుంజుతున్నాయని చెప్పి వెళ్లడం మానేసింది. చేతులకు ఏ నొప్పీ లేదు. కొండగట్టు వెళ్లి అంజన్నకు చెప్పుకుంది. చెప్పుకుని, కొబ్బరికాయ కొట్టి, మోసుకుపోయిన బరువుతోనే బస్సు దిగింది. దేవుడితో ఒక సౌకర్యం ఉంది, ఎదురు ప్రశ్న వేయడు. ఆమెకు కావలసింది ప్రశ్న వేసేవాళ్లు. ఒక్కరూ వేయలేదు.

పైగా సన్మానం చేశారు. మార్చి ఎనిమిదిన ఫంక్షన్ హాల్లో కోమలకు 'క్యాన్సర్‌ను జయించిన ధీర వనిత' అని, యాదవ్వకు 'ఆదర్శ అత్త' అని శాలువాలు కప్పారు. మనకు రోగం అంటే యుద్ధం, రోగి అంటే వీరుడు, పక్కన కూర్చున్నది దేవత. తప్పు చేసిన మామూలు మనిషికి ఆ వేదిక మీద కుర్చీ ఉండదు. వక్త కన్నతల్లిని మించిన తల్లి గురించి మాట్లాడుతున్నంతసేపూ కోమల అవస్థ వేరు. జాకెట్ లోపల ఒక పక్క దూది సంచి కుట్టుకుంది, బరువుకు గుప్పెడు ఆవాలు పోసింది. అయినా అది నిలవడం లేదు.

"అత్తా, ఫోటో జల్ది తియ్యమను. నా దూది మెడకెక్కుతాంది," అని గుసగుసగా అంది. యాదవ్వ నవ్వలేదు. అత్తకు సభ అంటే బెరుకు అనుకుంది కోమల.

అదే నెలలో పక్క వీధి కిష్టవ్వ వచ్చింది. ఆమె కోడలు నవతకు ఏడో నెల. "కాన్పు కాంగనే పాలు గడ్డకడ్తయేమో, పెద్దపిల్ల పుట్టినప్పుడు గట్లనే అయింది. నువ్వు రావాలె," అంది.

"నా చేతులు వస్తలేవు."

"శాలువా కప్పంగ మంచిగనే వచ్చినయ్ గదా," అంది కిష్టవ్వ. 

ఏప్రిల్‌లో కరీంనగర్‌లో డాక్టరుకు చూపించుకునే తేదీ ఉంది. కోమల చాలా రోజులుగా దాని కోసమే ఎదురు చూస్తోంది. ఇంకోసారి సిలికాన్ పెట్టించుకోవాలని ఆమె కోరిక. ఆ మాట అత్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు, వింటే నవ్వుతారని. పొద్దున్నే బస్సులో, "ఏమంటడో సారు," అని నాలుగుసార్లు అంది.

డాక్టరు మచ్చను చూసి, పాత కాగితాలు తిరగేసి, నిదానంగా చెప్పాడు. "ఏ కారణమూ లేకుండా మీ చర్మం ఒకసారి తెగింది కోమల గారూ. కరెంటు పెట్టిన ఒళ్లు. మళ్లీ పెడితే మళ్లీ తెగుతుంది. ఇక ఆ ఆలోచన వదిలేయడం మంచిది."

"సరే సారూ. నా ఒంటికే పడలే," అంది కోమల. అని, భుజం మీద కొంగు సర్దుకుంది. జాకెట్ కొలతలు కుదరని మనిషికి ఆమె కూడా ఇంత మామూలుగానే చెబుతుంది, కుదరదని.

యాదవ్వ కుర్చీలోంచి లేచింది. "కారణం ఉన్నది సారూ. నేను కాపిన."

డాక్టరు కలం ఆగింది.

"ఉప్పు మూటతోని. మూడు దినాలు. కాలుతాందా అని అడిగిన, లేదన్నది, ఇంక వేడి చేసిన. మచ్చ నడుమల నా ముడి ఉండె. నువ్వడిగినప్పుడు ఏం పెట్టలే అన్న. అబద్ధం."

 ఆయన అరవలేదు. ఎంత వేడి, ఎంతసేపు, ఎక్కడ అని అడిగి ఒక్కొక్కటీ రాశాడు. "ఇది ఆ రోజే చెప్పాల్సింది," అన్నాడు. తర్వాత కోమల వైపు తిరిగాడు. "అయితే ఇది కాలిన గాయం. దానంతట అదే తెగడం వేరు, ఇది వేరు. కరెంటు పెట్టిన చర్మమే కాబట్టి నేను మాట ఇవ్వను. వీపు నుంచి కండ, చర్మం తెచ్చి కప్పి చేసే పద్ధతి ఉంది. ఏడాది పోనివ్వండి, చూద్దాం."

బయటికి వచ్చాక, బస్టాండ్ దాకా కోమల ముందు నడిచింది. బస్సు ఎక్కేముందు ఆగింది.

"నా కోపం కాపినందుకు కాదత్తా. వేడి పెంచుమన్నది నేనే. దవాఖానల నేను అడిగిన గదా. నోరు తెరిచి అడిగిన. ఏడు నెలలు నా మిషిని మీద దుప్పటి కప్పించినవ్."

"మంచికే అనుకొని..." అని మొదలుపెట్టి యాదవ్వ ఆపేసింది. మంచికే చేశానన్న మాటకు మన దగ్గర ఉన్నంత మర్యాద కాలిన చర్మానికి లేదు. ఆ సంగతి ఆమెకు ఆ బస్టాండ్‌లో తెలిసినట్టుంది. బస్సులో కోమల ముందు సీట్లో కూర్చుంది, యాదవ్వ వెనక.

ఇంటికి రాగానే కోమల దుప్పటి తీసి మిషన్‌కు నూనె వేసింది. ఫోన్ తెచ్చి అత్త ముందు పెట్టింది. "ఆయనకు చెప్పు. మా అవ్వకు చెప్పు. నేను చెప్ప."

గోపాల్ అంతా విన్నాడు. "అవ్వా, గా దినం నేను ఫోన్లనే ఉన్న గదనే," అన్నాడు. గంగుబాయి ఇంకా తక్కువ మాట్లాడింది. "శాలువా కప్పుకున్నవ్ గద ఒదినె," అని ఫోన్ పెట్టేసింది. అప్పటి నుంచి బోథ్ నుంచి ఫోన్ కోమలకే వస్తుంది. యాదవ్వ ఎత్తితే అవతల కోమలకు ఇయ్యి అనే మాట ఒక్కటే వినిపిస్తుంది.

ఇంట్లో మిషన్ చప్పుడు మళ్లీ మొదలైంది. మాటలు మాత్రం పాత లెక్కలో లేవు. కోమల అన్నం పెడుతుంది, మందులు గుర్తుచేస్తుంది, పాత జోకులు వేయదు. వీధిలో యాదవ్వ భయపడిన మాట తిరిగింది, భయపడినంత వేగంగానే. రెండు మూడు ఇళ్లవాళ్లు ఆమెను చూసి మొహం తిప్పుకుంటారు. ఆమె చేసిన తప్పుకు వాళ్లకొచ్చిన నష్టం ఏమిటో అడిగితే వాళ్లూ చెప్పలేరు.

మే నెలలో కిష్టవ్వ మళ్లీ వచ్చింది. నవతకు బాబు పుట్టి ఆరు రోజులు. రెండు రొమ్ములూ బిగిసి పిల్లవాడు పట్టుకోలేకపోతున్నాడు. యాదవ్వ జవాబు చెప్పేలోపు లోపల మిషన్ ఆగింది.

"పో," అంది కోమల, బయటికి రాకుండానే. "నీకు ఒచ్చిన పని అదొక్కటే గదా. జర సూసి చెయ్యి."

యాదవ్వ వెళ్లింది. పెంక పొయ్యి మీద పెట్టించింది, ఉప్పు వేయించింది, మూట కట్టింది. దాన్ని తన చెంపకు ఆనించి చూసుకుంది, ముప్ఫై ఏళ్లలో మొదటిసారి. తర్వాత మూట పక్కన పెట్టి, నవత ముందు కూర్చుని, కిష్టవ్వకు కూడా వినిపించేలా చెప్పింది.

"షురూ చేసేముందు ఒక మాట బిడ్డా. నేను నా కోడల్ని కాల్చిన. ఒంటికి తెల్వని చోట అడిగి, లేదంటే ఇంక వేడి పెంచి కాపిన. అడిగితే అబద్ధమాడిన. ఇది ఇని గుడ నీకు ఇష్టముంటేనే కాపుత."

నవత అత్త వైపు చూసింది. కిష్టవ్వకు చిరాకు వేసింది. "ఊరందరికి ఎరుకున్న సంగతి. పచ్చి బాలెంత ముందట గదంత ఎందుకు?"

"రేపు ఎప్పుడన్న ఏదన్న అయితే నువ్వు నన్ను అడుగుతవ్," అంది యాదవ్వ. "అడిగితే నేను అబద్ధమాడ్త. నా సంగతి నాకెరుక. గందుకే ముందుగల చెప్తున్న."

 పిల్లవాడు ఏడుపు మొదలుపెట్టాడు. నవత జాకెట్ హుక్కులు విప్పుకుంది.

యాదవ్వ కొంగు కొసను నీళ్లలో ముంచింది. "కండ్లు మూసుకో. నేను ఏడ ముడుతున్ననో చెప్పు. తెల్వకుంటే తెల్వదను. సిగ్గు పడకు."

"ఎడమ పక్క, కింద," అంది నవత. "సల్లగున్నది."

"ఇప్పుడు?"

"కుడి పక్క. పైన."

తడి కొసతో ఒక్కో చోటా తాకుతూ, ఒక్కో చోటా జవాబు వినేదాకా ఆగుతూ, యాదవ్వ మొత్తం చుట్టి వచ్చింది. అప్పటికి మూట సగం చల్లారింది. దాన్ని మళ్లీ వేడి చేయించకుండా అలాగే కాపడం పెట్టింది.